జాంబవంతుడి చొక్కా

పులివేషం కట్టడం కన్న ఎలుగుబంటి వేషం కట్టడం పదిరెట్లు కష్టం. కావలిస్తే దసరాకో, పీర్లపండక్కో వీధిలోకి వచ్చే పులిని చూడండి. ఒంటికి పసుపురంగు పూసి, నల్లచారలు దిద్ది, వెనక ఓ తోక తగిలిస్తే చాలు, డప్పు మోగేసరికి పులి గంతులేస్తుంది. చారలే దాని గుర్తు కనక రంగుతో పని జరిగిపోతుంది. ఎలుగుబంటికి ఉన్నదల్లా బొచ్చే. బొచ్చును పూయలేము, కుట్టాలి.

నాకీ విద్య అబ్బడానికి కారణం మా చెల్లెలి కొడుకు. వాడికి పదేళ్లు. బడిలో శమంతకమణి కథ నాటకంగా వేస్తూ వాడికి జాంబవంతుడి వేషం ఇచ్చారు. వినాయకచవితినాడు అక్షింతలు పట్టుకుని అందరం వినే కథే. మణి కోసం కృష్ణుడంతటివాడితో గుహలో 28 రోజులు పోరాడినవాడు జాంబవంతుడు. పిల్లవాడు ఆ వేషం దొరికినప్పటినుంచి నేలమీద నడవడం లేదు. అయితే వాడికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. అద్దెకు తెచ్చిన వేషం తొడిగి చూస్తే లోపల ఎవరెవరివో పాత చెమటవాసనలు. మూతి దగ్గర చిల్లన్నది లేదు. రెండు నిమిషాలకే వాడు తల ఊడబీకి దగ్గడం మొదలుపెట్టాడట.

"లాభం లేదక్కా, వాణ్ణి ద్వారపాలకుడిగా మార్చమని చెప్పేస్తాను" అంది మా చెల్లెలు ఫోనులో. వెనకనుంచి వాడి ఏడుపు వినిపిస్తూనే ఉంది.

డాక్టరుగారు మాత్రం నాటకం మానమనలేదు. ముఖం ఐదు నిమిషాలకు మించి మూయవద్దనీ, పీల్చే మందు చేతికందేలా ఉంచమనీ అన్నారు. "అయితే ఆ వేషమేదో మనమే కుడదాం" అన్నాను.

"మన చిన్నప్పుడు గోనెసంచి పీచు లాగి నల్లరంగులో ముంచేవాళ్లుగా, అలా చేద్దామా?" అంది. గోనె చవకే, కాని దులిపినకొద్దీ ధూళి. ఆయాసం వచ్చే పిల్లవాడికి అంతకన్న శత్రువు లేదు. అందుకని బజారుకు వెళ్లి బొమ్మలు కుట్టే నల్ల బొచ్చుగుడ్డ రెండున్నర మీటర్లు తెచ్చాం. పరుపులకొట్టులో అంగుళం మందం స్పాంజి, పూలవాళ్ల దగ్గర తేలికపాటి వెదురుబుట్ట, నల్ల దోమతెరగుడ్డ, వెల్క్రో పట్టీ, గట్టిదారం, దబ్బనం. ఇంట్లో ఉన్నవి సుద్దముక్క, కొలతటేపు, బ్లేడు, దువ్వెన. మన సరంజామా ఇంతే.

బొచ్చుగుడ్డతో పనిచేసేవాళ్లు మొదట తెలుసుకోవలసింది, దాన్ని కత్తెరతో కత్తిరించకూడదని. కత్తెర వేస్తే వెంట్రుకలు సగానికి తెగి, అతుకు దగ్గర మంగలివాడు చెయ్యిచేసుకున్నట్టుంటుంది. గుడ్డను బోర్లావేసి, వెనకవైపు సుద్దతో గీత గీసి, అడుగు అల్లికను మాత్రమే బ్లేడుతో కొయ్యాలి. బొచ్చు అన్ని ముక్కల్లోనూ పైనుంచి కిందికే వాలాలి. ఒక్క ముక్క తిరగబడ్డా ఎలుగు కాస్తా ముళ్లపంది అవుతుంది. కుట్టు పూర్తయ్యాక అతుకులో చిక్కుకున్న వెంట్రుకలను దువ్వెనతో పైకి లాగితే కుట్టు కంటికి కనబడదు. కోసేటప్పుడు నూగు విపరీతంగా రాలుతుంది. ఆ పని ముక్కుకు గుడ్డ కట్టుకుని డాబామీద చేశాం. పిల్లవాణ్ణి పైకి రానివ్వలేదు.

కొలతకు వాడి పాత పైజమా, చొక్కా విప్పదీసి, రెండేసి అంగుళాలు వదులుంచి కోశాను. ముందుభాగం, చేతులు, కాళ్లు బొచ్చు. చంకలకింద, తొడల లోపలివైపు పలచటి నల్ల నూలుగుడ్డ. జనానికి అది కనబడదు, ఒంటికి మాత్రం గాలి తగులుతుంది. వీపున వెల్క్రో వేశాను. ఒక్క లాగు లాగితే చొక్కా ఊడిరావాలి.

అసలు చిక్కంతా తల దగ్గర వచ్చింది. వెదురుబుట్ట బోర్లించి, అంచుకు గుచ్చుకోకుండా మెత్తటిగుడ్డ చుట్టి, గడ్డంకింద పట్టీ పెట్టాను. స్పాంజితో మూతి చేసి, నోరు బాగా తెరిచి ఉంచాను. ఆ నోట్లో దోమతెరగుడ్డ. వాడు చూసేదీ, ఊపిరి పీల్చేదీ అక్కడినుంచే. పైనున్న గాజుకళ్లు ఉత్త అలంకారం.

"నోరు అంత తెరిస్తే అందం చెడిందక్కా" అంది మా చెల్లెలు.

"గర్జించే ఎలుగు నోరు మూసుకుంటుందటే?" అన్నాను.

తలకు జిగురు వాసన ఉండకూడదని మొత్తం దబ్బనంతోనే కుట్టాను. అంతా అయ్యాక సబ్బునీళ్లలో జాడించి రెండురోజులు నీడన ఆరవేశాం. ఈ గుడ్డకు ఇస్త్రీ పనికిరాదు; వేడికి బొచ్చు కరిగి అట్టకడుతుంది. నిప్పంటుకుంటే కరిగి చర్మానికే పట్టుకుంటుంది. అందుకే గుహలో నూనెదీపం పెడదామనుకున్న నాటకం మాస్టారిని బతిమాలి బ్యాటరీదీపం పెట్టించాను.

వారంరోజులు వాణ్ణి రోజుకో నిమిషం చొప్పున పెంచుతూ తొడిగించి నడిపించాం. మూడోరోజున లోపలినుంచి, "పెద్దమ్మా, గాలి వస్తోంది!" అన్నాడు. మా చెల్లెలు కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాటకంలో 28 రోజుల యుద్ధాన్ని నాలుగు నిమిషాలకు కుదించారు. తెరచాటున మా చెల్లెలు మందు చేతబట్టుకుని, వాచీ చూసుకుంటూ నిలబడింది. ఆయాసం వస్తే కుడిచెయ్యి పైకెత్తమని వాడికి చెప్పి ఉంచాం. చెయ్యి లేవలేదు. కృష్ణుడి కాళ్లమీద పడి మణి అప్పగించి లోపలికి వచ్చి, తల తీసి, "మళ్లీ ఎప్పుడు?" అన్నాడు. ఒళ్లంతా చెమట, ఊపిరి మాత్రం నిదానంగా ఉంది.

ఇంటికి బయల్దేరుతుంటే ఒకావిడ వచ్చి, వచ్చే ఏడు తమ అబ్బాయికి ఆ వేషం ఇస్తారా అని అడిగింది. "చొక్కా తప్పకుండా ఇస్తాను. తల మాత్రం వద్దండీ. మీ పిల్లవాడి తలకు సరిపోయే బుట్ట కొనండి, వచ్చి నేనే కుట్టిపెడతాను" అన్నాను.