నాయన ఫియట్ ఇంజను, తమిళ అక్షరాల్లో ఒక తెలుగు నోటుపుస్తకం

మా కోయంబత్తూరు ఇంటి షెడ్డులో ఒక ఫియట్ 1100 డిలైట్ ఉంది. దాని గురించి రాయమని చుట్టాలు చాన్నాళ్లుగా అడుగుతున్నారు. మేము ముగ్గురం, ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క, ఇన్నాళ్లూ రేపు మాపు అంటూ గడిపేశాం. ఎందుకంటే ఈ కథలో మేము చేసిన తప్పొకటి ఉంది. దాన్ని దాచిపెట్టి బండి గొప్పలు మాత్రం చెప్పుకుంటే నాయనకు నచ్చేది కాదు.

ఈ ఊళ్లో మనవాళ్లకు ఇంజన్ల పిచ్చి కొత్తది కాదు. కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. లక్ష్మీ మిల్లు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ రేసు కార్లు తోలడమే కాదు, మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి బండ్లు తయారుచేశారు. చెట్టిపాళయంలోని రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. మా నాయన అంతటి మనిషి కాదు. ఒక చిన్న వర్క్‌షాపు, రెండు వైసులు, ఒక డ్రిల్లు, అంతే. కానీ షోళవరంలో రేసులు జరిగే రోజుల్లో స్నేహితుల ఫియట్లకు ఇంజన్లు కట్టి పంపేవాడు. మద్రాసు పక్కన యుద్ధకాలపు విమానాల రన్‌వే అది. నేరుగా సాగే దారి పొడుగు, మలుపులు తక్కువ. అక్కడ ఇంజను బాగోగులు దాచిపెట్టడం కుదరదు అనేవాడు.

ఈ ఇంజను పుట్టుక 1937లో, ఇటలీలో. నాలుగు సిలిండర్లు, బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75, మొత్తం 1089 సీసీ. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. పుష్‌రాడ్‌లతో పైనుంచి తెరుచుకునే వాల్వులు. చూడటానికి సాదా సంసారపు ఇంజను. కానీ 1940లో ఎంజో ఫెరారి తన మొదటి సొంత కారు 815 తయారు చేసినప్పుడు ఈ ఫియట్ 1100 ఇంజను భాగాలనే తీసుకుని, రెండింటిని వరసగా చేర్చినట్టు ఎనిమిది సిలిండర్లు చేశాడు. యుద్ధం అయినాక చిసితాలియా వాళ్ల చిన్న రేసు కారు డి46 కూడా ఇదే ఇంజనుతో పరుగెత్తింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసిన డిలైట్, ఆ తర్వాత వచ్చిన పద్మిని, అన్నిటి కడుపులో ఉన్నది ఈ 1089 సీసీయే. టాక్సీల్లో చూసి దీన్ని చులకన చేయొద్దురా అనేవాడు నాయన.

పోయిన నాయన పేరు చెప్పుకుని మేము చేసిన పని ఇప్పుడు చెప్తాం.

హెడ్డు అంచు నుంచి కొంచెం ఆయిలు చెమరుస్తా ఉంటే, గాస్కెట్టు మార్చడం ఎంతసేపు అని మేమే కూర్చున్నాం. పాతది తీసి, కొత్తది పరిచి, నట్లన్నీ ఒక కొస నుంచి మొదలుపెట్టి ఇంకో కొస దాకా బిగించుకుంటూ పోయాం. రేడియేటరులో బోరు నీళ్లు పోశాం. అత్త కూతురి పెళ్లికి అదే బండిలో పొల్లాచ్చి బయలుదేరాం. సగం దారిలో ముందు ఆవిరి లేచింది, తర్వాత ఇంజను మూడు కాళ్ల మీద నడిచినట్టు కుంటింది, ఆ పైన ఆగిపోయింది. పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్లను టౌను బస్సు ఎక్కించి పంపి, మేము చింతచెట్టు కింద లారీ కోసం కాచుకున్నాం.

మేస్త్రి వచ్చి హెడ్డు దించి, మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూశాడు. వంకర తిరిగిపోయింది. కాగితం కాదు, వేలిగోరు దూరేంత సందు. ముప్పై తౌ గీయిస్తే చదును అవుతుంది, లేతుకు పంపనా అని అడిగాడు. సరే అనబోతుండగా అత్త లోపలి నుంచి వచ్చి, "మీ నాయన పుస్తకం వుండాది గదరా, దాన్ని చూడకుండానే పంపిస్తారా?" అనింది.

పుస్తకం ఉన్న సంగతి మాకు తెలుసు. చదవలేమని కూడా తెలుసు. నాయన చదివింది తమిళ బడి. తెలుగు ఆయన నోట్లోనే ఉండేది, చేతికి రాలేదు. అందుకని తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. మమ్మల్నేమో బెంగళూరు హాస్టల్లో వేశారు. అక్కడ కన్నడం నేర్చాం, ఆ దారినే పెద్దయ్యాక తెలుగు అక్షరాలూ పట్టుబడ్డాయి. తమిళ అక్షరాలు మాత్రం రాలేదు. అత్తకు కండ్లు మసకలు.

మేస్త్రి పుస్తకం తీసుకున్నాడు. ఒక పేజీ చూసి, "ఇదు తమిళ్ ఎళుత్తు, ఆనా తమిళ్ ఇల్లే" అన్నాడు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, గట్టిగా చదవండన్నా అన్నాం. ఆయన చదివాడు. తమిళంలో కకు, గకు ఒకటే అక్షరం, పకు, బకు ఒకటే. "తలగాయ సల్లారినాగ నడిమి నుంజి పిగింజు" అని వచ్చింది. ముందు నవ్వొచ్చింది. తలకాయ అంటే హెడ్డు. తలకాయ చల్లారినాక నడిమి నుంచి బిగించు. నవ్వు ఆగిపోయింది.

అందులోని కారణం ఇది. ఇనుము కంటే అల్యూమినియం వేడికి ఎక్కువ సాగుతుంది. నడిమి నట్లు ముందు బిగించి, ఒక్కొక్క జత బయటికి వస్తూ, రెండు మూడు విడతల్లో బిగిస్తే హెడ్డు సమంగా కూర్చుంటుంది. కొస నుంచి మొదలుపెడితే పొర్లిన చాపలాగా నడిమిలో లేస్తుంది. ఒకసారి ఇంజను వేడెక్కి, పూర్తిగా చల్లారినాక మళ్లీ బిగించాలి. వేడి మీద చెయ్యి పెట్టకూడదు.

మేస్త్రి ఇంకో పేజీ తిప్పాడు. షోళవరం రోజులది. ఆ హెడ్డును నాయన అప్పటికే రెండు తూర్లు గీయించి ఉన్నాడు, మొత్తం అరవై తౌ. అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. ఎందుకంటే హెడ్డు గీసేకొద్దీ మంట మండే గది చిన్నదవుతుంది, పిండే నిష్పత్తి పెరుగుతుంది, బలం పెరుగుతుంది. మేము గాజుపలక పెట్టి, బ్యూరెట్టుతో ఆయిలు పోసి ఆ గదిని కొలిచాం. గాస్కెట్టు మందం కలుపుకుని 34 సీసీ పైచిలుకు వచ్చింది. ఒక్కో సిలిండరు 272 సీసీ. లెక్క వేస్తే నిష్పత్తి తొమ్మిదికి దగ్గర. ఇంకో ముప్పై తౌ తీస్తే తొమ్మిదిన్నర. ఈ పాత గదికి, మనం పోసే మామూలు పెట్రోలుకు అది టకటకమని కొట్టుకుని పిస్టన్లను తినేస్తుంది. పైగా లోహం పలచబడి నీటి దారిలోకి బెజ్జం పడొచ్చు. లేతుకు పంపి ఉంటే నాయన తలకాయ ఆ రోజుతో సరి.

రెండు వారాలు ఇంట్లో ఇదే మాట. నాయన చేతిపని ఉన్న హెడ్డు లేకపోతే అది నాయన బండేనా అని అక్క. నడవని బండిని ఉంచుకుని ఏం లాభమని తమ్ముడు. చివరికి అత్తే తెగ్గొట్టింది. "మీ నాయన బండి తోలడానికి కట్టినాడు, పూజ చేయడానికి గాదు." చెన్నై పుదుపేటలో నాలుగు అంగళ్లు తిరిగి గీతపడని పాత హెడ్డు ఒకటి తెచ్చాం. సీట్లు, గైడ్లు మార్పించి, నడిమి నుంచి బిగించాం. ఎక్కుడు దారిలో మునుపటి ఊపు లేదు. మూడో గేరులో తెలుస్తుంది. ఆ లోటు ఒప్పుకున్నాం.

ఇప్పుడు మేము పాటించేవి కొన్ని, ఇటువంటి బండి ఉన్నవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాం.

రేడియేటరులో బోరు నీళ్లు పోయం. కూలెంటు కలిపిన డిస్టిల్డ్ వాటరే. నాయన వాననీళ్లు పట్టి పోసేవాడు. ఉప్పు నీళ్లకు లోపల పక్కు కట్టి, వేడి బయటికి పోదు.

ట్యాపెట్లు చల్లగా ఉన్నప్పుడే చూస్తాం. ఫైరింగ్ వరస 1-3-4-2. నాయన పుస్తకంలో దీనికి రెండే మాటలు: "కూడితే ఐదు". నాలుగో సిలిండరు వాల్వులు రెండూ ఊగుతుంటే ఒకటో దాన్ని సరిచెయ్యి. రెండోది ఊగితే మూడోది. ఏ జత కూడినా ఐదే.

ఈ రోజుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నందున పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, అన్నీ మార్చేశాం. నెలల తరబడి బండి నిలబెట్టాలంటే కార్బురేటరు ఖాళీ చేసి పెడతాం. ఆ పెట్రోలు తేమ పీలుస్తుంది.

స్ట్రోకు 75 ఉన్న ఇంజను ఆరువేల చుట్లు తిరిగితే పిస్టను సగటున సెకనుకు 15 మీటర్లు పరుగెత్తుతుంది. అరవై ఏళ్ల కడ్డీలు, బేరింగులు. అందుకని నాలుగువేలు దాటించం.

నాయన హెడ్డు ఆయిలు పూసి, గుడ్డ చుట్టి, పుస్తకం పక్కనే అలమరలో ఉంది. పుస్తకంలో ఇంకా నలభై పేజీలున్నాయి. ఆదివారాలు మేస్త్రి కాఫీకి వస్తాడు. ఆయన చదువుతాడు, మేము విని తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం, తప్పు పోతే అత్త దిద్దుతుంది. పోయిన వారం "కాడి" అని ఉన్నచోట ముగ్గురమూ ఆగిపోయాం. గాడి అనా, కాడి అనా? అత్త మంచం మీద నుంచే, "గాడిరా, పిస్టను రింగు గాడి. చదవండి ముందుకు" అనింది.