చంద్రునికి రేవు

చెన్నై నుంచి గూడూరు వైపు పోయే రైల్లో సూళ్ళూరుపేటలో దిగినవారు చెంగాళమ్మ దర్శనానికి పోతారు. లేదా తూర్పున శ్రీహరికోట దారి పడతారు. మేము రెండూ చేశాము. అది 2023 జులై 14. చంద్రయాన్-3 ఎగరటం చూడాలని ఇంటిల్లిపాదీ బయలుదేరాము.

ఊరు దాటగానే పులికాట్ సరస్సు. దాని నడుమ కట్టమీద రోడ్డు తిన్నగా సాగుతుంది. శీతకాలంలో ఇక్కడ ఫ్లెమింగోలు గుంపులుగా వాలతాయి. మేము పోయిన నాటికి నీరింకిన మేర ఉప్పునేల తళతళలాడుతున్నది. అవతలిది దీవి, దానికి ఒకవైపు సరస్సు, రెండోవైపు బంగాళాఖాతం. మొన్నటిదాకా నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. తూర్పున అంతా సముద్రమే గనుక రాకెట్టు తునకలు ఊళ్ళమీద పడవు. తూర్పుకు వదిలితే భూభ్రమణం కూడా తోడ్పడుతుంది. అందుకే 1969లో ఈ చోటు ఎన్నుకొన్నారు.

కట్టమీద కాసేపు ఆగినప్పుడు మా చిన్నవాడు, "నాన్నా, ఈసారి కూడా పడిపోతే?" అన్నాడు. వాడి భయం ఊరికే వచ్చినది కాదు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 తీసుకుపోయిన విక్రమ్ చివరి నిమిషాల్లో అదుపుతప్పి చంద్రుని నేలకు కొట్టుకొన్నది. ఆ రాత్రి మాతోపాటు మేలుకొని చూసిన ఆరేళ్ళవాడు మర్నాడు అన్నం ముట్టలేదు.

నేను జవాబు వెతుక్కొంటూ ఉండగా, రోడ్డు వారన వల బాగుచేసుకొంటున్న ముసలాయన తల ఎత్తకుండానే అన్నాడు:

"వల చిరిగిందని వేట మానుకుంటామా అబ్బయా? చిరిగిన కాడ కుట్టుకోని మళ్ళీ పోవాల."

ఆలోచిస్తే చంద్రయాత్రల చరిత్రంతా ఆ మాటలోనే ఉంది. అమెరికావారి రేంజరు నౌకల్లో మొదటి ఆరూ విఫలమైన పిమ్మట, ఏడవది 1964లో చంద్రుని ఫోటోలు పంపింది. రష్యావారు ఎన్నో నౌకలు పోగొట్టుకొన్న తరువాతనే 1966లో లూనా-9ను మెల్లగా దించగలిగారు. ఈ దీవి నుంచే 1979 ఆగస్టులో లేచిన మన ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతంలో పడింది. మరుసటి జులైలో అదే రకం రాకెట్టు రోహిణిని కక్ష్యలో నిలిపింది. 2008లో ఇక్కడ బయలుదేరిన చంద్రయాన్-1 చంద్రునిపై నీటి జాడ పట్టింది. 2013లో పోయిన మంగళయాన్ తొలి యత్నంలోనే అంగారకుణ్ణి చేరింది. విక్రమ్ విషయంలోనూ చిరిగిన చోటనే కుట్టారు: కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, దిగే మేరను 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు.

మధ్యాహ్నం 2.35 అయింది. చెట్లపైన ముందు వెలుగు, వెనుక పొగ, ఆ పిమ్మట గుండెలదిరే మోత. కొద్ది నిమిషాల్లో ఆకాశం మళ్ళీ ఖాళీ. మా అమ్మ జోడించిన చేతులు ఇంకా దించలేదు.

ఆగస్టు 23 సాయంకాలం విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో క్షేమంగా దిగింది. అందరమూ చప్పట్లు కొడుతుంటే మావాడు నా చెవి దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు:

"నాన్నా, ఆ వల తాత చూసుంటాడా?"