మేడ్చలు బండియు, మా జపయంత్రమును

కాశీయాత్రనుగూర్చియు, రామేశ్వరయాత్రనుగూర్చియు వ్రాయువారు మనలో పెక్కుమంది కలరు. మేము వ్రాయబోవు యాత్ర సికిందరాబాదునుండి మేడ్చలువరకు మాత్రమే. దూరము 28 కిలోమీటరులు. పాతలెక్కను తొమ్మిది క్రోసులకు మించదు. ఛార్జీ ఒక కొత్తిమీరకట్ట వెలకు సరిపోవును. ఇంతమాత్రపు ప్రయాణమునుగూర్చి పత్రికకు వ్రాయుటేమని మా ఇంటివారే నవ్విరి. కాని ఈ తొమ్మిది క్రోసుల బాటకై మా వాడలోని స్త్రీలము ఐదుగురము ఒక వేసవియు, ఒక వానకాలమును తిరిగితిమి. కనుక మాకు ఇది కాశీకి తక్కువైన యాత్ర కాదు.

ముందుగా దారి చెప్పెదము. సికిందరాబాదు 1806లో సికందర్ జా పేరిట వెలసిన ఊరు. ఇచ్చటికి మొదటి రైలుమార్గము వాడినుండి 1874లో వచ్చినది. మేడ్చలుమీదుగా ఉత్తరమునకు పోవు మార్గము దానికి తరువాతిది. గోదావరిలోయ దాటి మన్మాడు చేరుటకై వేసిన చిన్నపట్టాల దారి. కాలక్రమమున పట్టాలు వెడల్పైనవి, పైని విద్యుత్తు తీగలు వచ్చినవి. నగరమున నిత్యము పనులకు పోవువారికై ఎం.ఎం.టి.ఎస్. అను లోకల్ బండ్లు 2003 ఆగస్టు 9న ఆరంభమైనవిగాని, అవి మొదట లింగంపల్లి, ఫలక్‌నుమా వైపులకే నడచినవి. రెండవదశ 2012–13లో మంజూరయ్యెను. వ్యయమున రెండువంతులు రాష్ట్రమును, ఒకవంతు రైల్వేయును భరించునట్లు ఒప్పందము. పనులన్నియు ముగిసి మేడ్చలుకు లోకల్ బండి నడచుట 2023 ఏప్రిల్ 8న జరిగినది. మంజూరునాడు మా వాడలో పుట్టిన బిడ్డ బండి వచ్చునాటికి ఐదవ తరగతి చదువుచుండెను.

బండి మల్కాజిగిరి దాటిన పిమ్మట దయానందనగరము, సఫిల్‌గూడ, రామకృష్ణాపురము గేటు, అమ్ముగూడ వరుసగా వచ్చును. స్టేషనులు దగ్గరదగ్గరగా నుండుటచే, ఊయెల ఊగి ఆగినట్లుండును. అటుపిమ్మట కావల్రీ బ్యారక్సు. గుఱ్ఱపుదండు నివాసములని దాని అర్థము. మాలో పెద్దావిడ దానిని 'కావలి బారకాసు' అనియే పలుకును. సైనికుల నేల గనుక ఆ పేరును తప్పు కాదని మేము ఊరకుందుము. ఇచ్చట పెద్దచెట్లు మిగిలియున్నవి. పెట్టెలోనికి చల్లనిగాలి వచ్చునది ఈ రెండుమూడు నిమిషములే. కిటికీప్రక్క చోటుకై మేము వాదులాడుకొనుటయు ఇందుకే.

అల్వాలు దాటి బొల్లారము బజారు, బొల్లారము. రాష్ట్రపతిగారు దక్షిణదేశమునకు వచ్చినపుడు విడిది చేయు నిలయము ఈ బొల్లారముననే యున్నది. పూర్వము ఏడాదిలో కొన్నిదినములే చూడనిచ్చెడివారు. 2023నుండి సంవత్సరము పొడుగునను ప్రజలకు తెఱచియుంచుచున్నారు. పిల్లలతో ఒక పూట గడపదగిన తోట. ఆ ప్రాంతముననే 1847నాటి హోలీ ట్రినిటీ చర్చి కలదు. 1983లో ఎలిజబెత్ రాణి దానిని దర్శించెను. బొల్లారము తరువాత ఊరి సందడి పలుచబడును. గుండ్లపోచంపల్లిలో దుస్తులు కుట్టు కర్మాగారములున్నవి. అందు పనిచేయువారిలో స్త్రీలు మెండు. గౌడవెల్లి దాటినచో మేడ్చలు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందిన ఈ సీమలో నేడు ఇండ్లస్థలముల బోర్డులు హెచ్చు.

మా స్టేషను వీనిలో ఒకటి. పేరు చెప్పము. ఏలయన, మాతో ఇంకను మాటలాడవలసిన పెద్దమనుష్యులు కొందఱు కలరు. వారికి నొప్పి కలుగుట మాకిష్టము లేదు.

ఇక ఈ పనిలోనికి మేమెట్లు దిగితిమో చెప్పవలెను. మా అత్తగారు తెల్లవాఱుజామున లేచి రోటిలో పిండి రుబ్బెడిది. బావినుండి నీరు తోడెడిది. మాకు మిక్సీ వచ్చినది, కుక్కరు వచ్చినది, బట్టలుతుకు యంత్రము వచ్చినది. ఇటీవల మాలో ఒకరి ఇంట గది తుడిచెడు గుండ్రని యంత్రముకూడ చేరినది. అది మంచముక్రింద దూరి బయటికి రాలేక కూయుచున్నపుడు దానిని కఱ్ఱతో లాగవలసివచ్చును. ఇవన్నియు కలిసి దినమునకు రెండుగంటల కాలము మిగిల్చినవని మేమొకనాడు లెక్కవేసికొంటిమి. మఱి ఆ రెండుగంటలు ఏమైనవి? పని చేయు స్త్రీ ఏ ఇంటిలోనైనను చెప్పును: షేర్ ఆటో నిండువఱకు కూర్చుండుటలోను, బస్సుకై నిలుచుండుటలోను పోయినవి. ఇంటిలో యంత్రము మిగిల్చినది వీథి మ్రింగుచున్నది. మగవాడు ఇంటినుండి కచేరికి, కచేరినుండి ఇంటికి పోవును. స్త్రీ అట్లు కాదు. బిడ్డను బడిలో దింపును, మందులు కొనును, తల్లిని చూచును, కూరలు తెచ్చును. ఒక దినమున నాలుగు ప్రయాణములు. నడుమ ఒకటి తప్పినచో తక్కినవన్నియు తప్పును.

తెలంగాణలో 2023 డిసెంబరు 9నుండి మహాలక్ష్మి పథకమువలన సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మనకు ఛార్జీ లేదు. ఆంధ్రప్రదేశమునను 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేర అట్టిదే ఆరంభమైనది. ఇది చిన్న మేలు కాదు. కండక్టరు చేతియంత్రమునుండి సున్న రూపాయల టిక్కెట్టు వెలువడునపుడు మా పనిమనిషి దానిని జాగ్రత్తగా కొంగున ముడివేసికొనుట మేము చూచితిమి. కాని బస్సే రాని సందునకు ఉచితపు టిక్కెట్టు ఏమి చేయును?

మా వీథి చివరి ఇంటి కోడలు ఒక ఆసుపత్రిలో నర్సు. ఉదయము బండిలో పోయి, పనివేళ ముగిసిన పిమ్మట బండిలోనే వచ్చెడిది. స్టేషనునుండి పెద్దరోడ్డునకు అరకిలోమీటరు దారి. ఒకవైపు పొడవైన ప్రహరీగోడ, వేఱొకవైపు ముండ్లపొదలు. స్తంభములున్నవిగాని దీపములు లేవు. ఆమె చేతిఫోను వెలుగులో నడచెడిది. ఒకనాటి రాత్రి ఒక మోటారుసైకిలు ఆమె ప్రక్కనే మెల్లగా, ఆమె నడకకు సరిగా నడచినది. అంతకుమించి ఏమియు జరుగలేదు. వారమువఱకు ఆమె ఇంట చెప్పలేదు. చెప్పిననాడు మామగారు, "ఇక ఉద్యోగము చాలునమ్మా" అనెను. ఆయన చెడ్డవాడు కాడు, భయపడినాడు. అత్తగారు మా ఇంటికి వచ్చి, "వదినగారూ, పిల్ల జీతముమీద చిన్నవాని చదువు నడచుచున్నది. మాన్పింపలేను, పంపనూ లేను. ఏమి చేయుదును?" అని కొంగు కండ్లకొత్తుకొనెను. ఆ ప్రక్కనే బుట్ట దింపుకొని కూర్చున్న కూరగాయల ఎల్లవ్వ మాటకు అడ్డువచ్చి, "రైలొచ్చుడు ఒక్కటే గాదు బిడ్డా, ఇల్లు చేరుడు గావాలె" అన్నది. మా ఉద్యమమునకు ఇంతకంటె మంచి వాక్యము మాకు తరువాత దొరకలేదు; అర్జీ పైభాగమున దానినే వ్రాసితిమి.

అడిగినవి రెండే. ఆ దారికి దీపములు. సాయంకాలపు బండ్లు వచ్చు వేళకు స్టేషను ముంగిటినుండి మా కాలనీలను చుట్టివచ్చు ఒక చిన్నబస్సు. మొదటిసారి అర్జీ పట్టుకొని పోగా, ఒక కార్యాలయమున ఒక అధికారి మర్యాదగనే కూర్చుండబెట్టి, "మీ స్టేషనులో రాత్రివేళ ఆడవారు దిగుటయే అరుదుకదమ్మా, బస్సు ఎవరికి?" అనెను. జవాబు చెప్పలేకపోతిమి. నిజముగనే అరుదు. దారి చీకటిగనుక దిగరు. దిగరుగనుక దీపము రాదు. ఈ ముడిని ఎచ్చట విప్పవలెనో తెలియక వచ్చితిమి.

అపుడు మాలో బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతిగైకొన్న పెద్దావిడ, "లెక్క పెట్టుదము" అనెను. ఉదయము ఎందఱు స్త్రీలు ఎక్కుదురు, సాయంకాలము ఎందఱు దిగుదురు? రెండును తెలిసినగదా మాట! లెక్కించుటకు ఆమె తన వ్రేలికి ఉంగరమువలె తొడుగుకొను జపయంత్రమును తెచ్చెను. మీరును చూచియుందురు, బొత్తాము నొక్కినకొలది అంకె పెరుగును. రామనామమునకై కొన్నది. ప్లాట్‌ఫారము చివర బల్లపై కూర్చుండి, పెట్టెలో కాలిడు ప్రతి స్త్రీకిని ఒక నొక్కు. మొదటినాడు బండి పోయిన పిమ్మట చూడగా అంకె వేలలో నున్నది! ఆమె ఉదయపు జపము చెరిపివేయుట మఱచినది. రెండవనాడు చెరిపి కూర్చున్నది. బండి ఆలస్యము కాగా అలవాటుచొప్పున జపము మొదలిడినది. దానితో ఆ దినపు లెక్కయు రామార్పణమయ్యెను. అటుపైని వేఱొక యంత్రము కొని, దీనికి ఎఱ్ఱదారము, దానికి పచ్చదారము కట్టితిమి.

ఫోనులను నమ్ముకొని పడిన అవస్థ ఇంకొకటి. బండి ఎచ్చటనున్నదో తెలుపు ఒక అప్లికేషనును చూచి మేమిద్దఱము ఇంట నిదానముగా దోసెలు తిని బయలుదేఱితిమి. ఫోనులో బండి ఇంకను రెండు స్టేషనుల దూరముననే యుండెను. మేము గేటువద్దకు చేరుసరికి దాని వెనుకపెట్టె కనబడినది. ఆనాటినుండి గడియారమును, గేటుదగ్గర టీ అమ్మువానిని మాత్రమే నమ్మితిమి. అతడు బండికూతకు ముందే కెటిలు పొయ్యిమీద నుంచును. ఆ లెక్క తప్పినదినము లేదు.

రెండు నెలలు వంతులవారీగా కూర్చుంటిమి. వంట ముగించి ఉదయము ఇద్దఱము. పిల్లలు వచ్చినపిమ్మట ఇద్దఱము. వానకు పుస్తకము తడిసి సిరా కారినది. అటుపైని పెన్సిలు వాడితిమి. లెక్క తేలినప్పుడు మాకే ఆశ్చర్యము కలిగెను. ఉదయము బండి ఎక్కు స్త్రీలు తక్కువవారు కారు. దుస్తులు కుట్టువారు, కళాశాల పిల్లలు, ఆసుపత్రి ఆయాలు, ఇండ్లలో పనిచేయువారు. చీకటిపడిన పిమ్మట దిగువారిలో వీరు చాలమంది లేరు. పోయినవారు తిరిగిరాకుందురా? మఱి ఎట్లు వచ్చుచున్నారని అడుగగా తెలిసినది: సికిందరాబాదునుండి బస్సు ఎక్కి, దిగి, షేర్ ఆటో ఎక్కి, ముగ్గురు పట్టుచోట ఆరుగురుగా ఇఱికి, ఇల్లు చేరుటకు గంట హెచ్చుగా వెచ్చించుచున్నారు. కొందఱు తమ్ముడో కొడుకో వచ్చువఱకు పెద్దరోడ్డుపై నిలుచుచున్నారు. ఒక ఆమె నెలపాసు కొని ఒకవైపే వాడుచున్నది! వెలుగున్నపుడు రైలు, చీకటిలో ఆటో.

ఈ పుస్తకము పట్టుకొని మరల అదే అధికారియొద్దకు పోయితిమి. ఈసారి ఎల్లవ్వయు వచ్చినది. ఆయన పుటలు త్రిప్పి, ఉదయపు అంకెను సాయంకాలపు అంకెను రెండుమార్లు చూచి, "ఇది ఎవరు చేయించిరి?" అనెను. "ఎవరును చేయింపలేదు, మేమే కూర్చుంటిమి" అంటిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట టీ తెప్పించెను. టీ వచ్చినంతమాత్రమున పని అయినట్లు కాదని మేమెఱుగుదుము. కాని మొదటిసారి అదియు రాలేదు.

ఫలితము చెప్పవలెనుగదా! దీపములు వచ్చినవి, అన్నియు కాదు, స్టేషనువైపు మూడు స్తంభములకు. నాలుగవదానినుండి పెద్దరోడ్డువఱకు ఇంకను చీకటియే. బస్సునుగూర్చి 'పరిశీలనలో నున్నది' అని ఒక జాబు వచ్చినది. పెద్దావిడ దానిని ప్లాస్టికు సంచిలో భద్రపఱచెను. ఈ నడుమ మేము ఊరకుండక, సాయంకాలపు బండికి దిగువారు ఒకరికొకరు ఆగి గుంపుగా నడచునట్లు ఫోనులో ఒక వాట్సాపు గుంపు ఏర్పఱచితిమి. 'ఎవరు దిగుచున్నారు?' అని ఒకరు వ్రాయుదురు; 'నేను', 'నేనును' అని జవాబులు వచ్చును. ఫోనును మేము పొగడదగిన సందర్భము ఇదియొక్కటే.

కోడలుపిల్ల ఉద్యోగము మానలేదు. మామగారు ఇప్పుడు రాత్రిబండి వేళకు తానే స్టేషనునకు వచ్చి మూడవ స్తంభముక్రింద నిలుచుండును. తన కోడలినే కాక, ఆ బండి దిగిన ఆడపిల్లలందఱిని వెంటబెట్టుకొని చీకటిభాగము దాటించును. మోకాళ్లనొప్పి మనిషి. వానరోజులలో మేము వలదన్నను వినడు.

వచ్చు సోమవారమునుండి మరల లెక్కకు కూర్చుండవలెను; దీపములు వచ్చినపిమ్మట అంకె మాఱినదో లేదో చూపినగాని నాలుగవ స్తంభమునకు దీపము అడుగలేము. పచ్చదారపు యంత్రమును మా మనుమడు ఆటవస్తువనుకొని ఎచ్చటనో దాచినాడు. దొరకనియెడల ఎఱ్ఱదారముదానితోనే పోవుదుము. పెద్దావిడ ఆ వారము జపము చేతివ్రేళ్లమీద చేసికొనుటకు ఒప్పుకొన్నది.