బ్రూక్‌ఫీల్డ్‌లో తుంపర పడితే

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో తుంపర మొదలైతే ఇక్కడివాళ్ళు స్వెట్టర్లు తీస్తారు, మా కోస్తావాళ్ళు ఫోన్లు తీస్తారు.

బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. బంగాళాఖాతంలో ఎంత పెద్ద తుఫాను లేచినా దాని చెంగు మాత్రమే ఈ ఊరికి తగులుతుంది. రెండు రోజుల ముసురు, కాస్త చలిగాలి, ఐటీపీఎల్ రోడ్డు మీద మరో గంట ట్రాఫిక్, అంతే. 2025 అక్టోబరు 28 సాయంత్రం కూడా అలాగే ఉంది. కుందలహళ్ళి మెట్రో దిగి ఏఈసీఎస్ లేఅవుట్ వైపు నడిచి వస్తుంటే పీజీ మెట్ల మీద, టీకొట్ల చూరు కింద కుర్రాళ్ళందరూ చెవికి ఫోను ఆనించుకుని ఉన్నారు. "కరెంటు ఉందా అమ్మా?" "గేదెల పలుపులు విప్పేశారా?" "నాన్నని చేలోకి వెళ్ళనివ్వకండి." కాకినాడ యాస, బందరు యాస, బాపట్ల యాస ఒకే వానలో తడుస్తున్నాయి. ఆ రాత్రే మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. థాయ్‌లాండ్ పెట్టిన పేరట అది, సువాసనగల పువ్వు అని అర్థమట.

నేను రాత్రిపూట తినే మెస్సు ఒక నాగాయలంక ఆవిడది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు ఒకే బల్ల మీద తింటారక్కడ. టీవీలో ఎర్రగా సుడి తిరుగుతున్న బొమ్మ చూస్తూ ఆవిడ పప్పు గరిట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పేర్లెన్ని పెట్టినా మాకు ఒకటే తుఫాను బాబూ. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నాకు ఆరేళ్ళు. మా నాన్న నన్ను పంచెతో తాడిచెట్టుకు కట్టేశాడు. పొద్దున నేను ఉన్నాను, ఆయన లేడు," అంది. అని, నా కంచంలో పప్పు వేసింది.

నాదీ ఆవిడ ఊరున్న దివిసీమే. అవనిగడ్డ అవతల మా నాన్న మిగిల్చిన రెండెకరాలు నా పేరున ఉన్నాయి. చేసేది నేను కాదు. వరసకు బాబాయ్ అయ్యే ఒక కౌలురైతు పదిహేనేళ్ళుగా చేస్తున్నాడు. మర్నాడు ఉదయం ఆఫీసు మీటింగులో ఉండగా ఆయన ఫోను చేశాడు.

"చేను పడిపోయిందిరా అబ్బాయ్. పాలు పోసుకునే టైములో పడింది. నష్టం రాసుకోడానికి వచ్చారు గానీ, పుస్తకంలో నీ పేరే ఉందంట. నువ్వోసారి రాగలవా?"

నవంబరు మూడో వారంలో గానీ వీలు కాలేదు. పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారి యశ్వంతపూర్, అక్కడి నుంచి కొండవీడు ఎక్స్‌ప్రెస్. తెల్లారేసరికి రైలు బందరులో దించింది.

బందరు నేల మీద కాలు పెడితే తుఫాను చరిత్ర మీద కాలు పెట్టినట్టే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిసి ముప్పై వేల మంది పోయారని చెబుతారు. డచ్చివాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ వర్తక కేంద్రంగా వెలిగిన రేవు ఆ దెబ్బకు మళ్ళీ పాత వెలుగు చూడలేదు. ఇప్పుడదే ఊళ్ళో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడార్ ఉంది. వందల కిలోమీటర్ల అవతల మబ్బు కదిలినా కనిపెడుతుంది.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సు పులిగడ్డ చేరింది. కృష్ణ రెండు పాయలుగా చీలేది ఇక్కడే. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న నేలే దివిసీమ. మూడు పక్కలా నీళ్ళు. అవనిగడ్డ దగ్గర, 1977లో కెరటం ఎందాకా వచ్చిందో ఆ చోటుకు దాపునే, స్మారక స్తూపం కట్టారు. ఉప్పెన రోజు దగ్గర పడుతోందని ఇద్దరు మనుషులు దాని చుట్టూ గడ్డి చెక్కుతున్నారు.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది, దాని కుడిచేతి దెబ్బ దివిసీమకు తగిలింది. మన తీరంలో తుఫాను కన్నుకు కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెడుతుంది. ఇక్కడి నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది, నీటిని ఆపే మిట్ట లేదు. తాడిచెట్టంత కెరటం అంటారు చూసినవాళ్ళు. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మా పెద్దవాళ్ళ నోట్లో ఇప్పటికీ క్రీస్తుపూర్వం, క్రీస్తుశకం లేవు. ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత, అంతే. పెళ్ళిళ్ళు, పుట్టుకలు, పొలం అమ్మకాలు అన్నిటికీ అదే లెక్క.

అప్పటి సహాయం గురించి పెద్దవాళ్ళు చెప్పేది వింటే ముందు శవాల సంగతే వస్తుంది. తిండి కంటే ముందు కావలసి వచ్చింది దహనానికి మనుషులు. స్వచ్ఛంద సేవకులు రోజుల తరబడి ఆ పని చేశారు. మదర్ థెరీసా వచ్చింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. ఇక్కడివాడే అయిన మండలి వెంకట కృష్ణారావు పునరావాసానికి అంటిపెట్టుకుని పనిచేశాడు. రకరకాల సంస్థలు కాలనీలు కట్టాయి. కానీ అదంతా ప్రాణాలు పోయాక జరిగిన సేవ. హెచ్చరిక రేడియోలో ఉందిగానీ పల్లెలో లేదు. ఉన్నా, పరుగెత్తి ఎక్కడానికి ఎత్తైన చోటు లేదు.

తర్వాత ప్రభుత్వం నేర్చుకున్న పాఠం అదే. తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు లేచాయి, ముందే జనాన్ని తరలించడం అలవాటైంది. ఫలితం ఎంతో చెప్పడానికి ఒక పోలిక చాలు. 1990 మే 9న దాదాపు అంతే బలమున్న తుఫాను ఇదే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. 2011లో ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్ర, ఒడిశాల్లో జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం మొదలై మరిన్ని షెల్టర్లూ రోడ్లూ వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్నే కొట్టినా చావులు పదుల్లోనే ఆగాయి. ఆ దెబ్బ తర్వాతే విశాఖలో కరెంటు తీగలు భూమి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాయి.

నాగాయలంక దారిలో ఒక షెల్టరు దగ్గర ఆగాను. ఊరి పేరు రాయను. కింద స్తంభాలు, పైన హాలు, బయటి నుంచి వెడల్పాటి మెట్లు, ఆపైన డాబా. కింద మేకలు కట్టేసి ఉన్నాయి. మెట్ల కటకటాల మీద వలలు ఆరేశారు. పైన తలుపుకు తాళం, తాళానికి తుప్పు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?" అనడిగాను వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని.

"మొన్న మొంథాకి తీశారులెండి. రెండు రాత్రులు పడుకున్నాం. అన్నం పెట్టారు, పిల్లలకి పాలిచ్చారు. పోయేటప్పుడు మనిషికి వెయ్యి, ఇంటికి మూడు వేలకి మించకుండా ఇచ్చారు. వేటకెళ్ళే వాళ్ళం గదా, బియ్యం యాభై కిలోలు. వేరేవాళ్ళకి పాతిక. కాదనకూడదు, చూశారు," అని, సూది ఆపి, "దొడ్లో నీళ్ళే రాలేదండి, ఆడోళ్ళు ఇబ్బంది పడ్డారు," అన్నాడు. ఆయన చిన్నప్పుడు తుమ్మచెట్టు పట్టుకుని బతికినవాడు. ఒంటి మీద ముళ్ళ గాట్లు చూపించాడు. ఆ గాట్లతో పోలిస్తే దొడ్లో నీళ్ళు లేవన్న ఫిర్యాదు నాకు మంచి కబురులాగే వినిపించింది. ప్రాణం గురించి భయపడవలసిన పని తప్పితేనే మనిషి నీళ్ళ గురించి అడుగుతాడు.

అసలు చిక్కు చేలో ఉంది.

బాబాయ్ నన్ను గట్టు వెంట నడిపించుకుపోయాడు. మూడు వారాలైంది గాలి కొట్టి. పడిన వరి పడినట్టే ఉంది, దువ్విన జుట్టులా అంతా ఒకే వైపుకు. ఓ మూలన నాలుగైదు దుబ్బులు కలిపి జడలా కట్టి నిలబెట్టారు. కూలి గిట్టుబాటు కాక మిగతాది వదిలేశారు. ఆయన ఒక కంకి తుంచి అరచేతిలో నలిపాడు. ఊదితే సగం తాలు ఎగిరిపోయింది. మిగిలిన గింజల్లో కొన్ని నల్లబడ్డాయి. నీటిలో మునిగిన కంకికైతే తెల్లటి మొలక వచ్చింది.

"ఇది కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే తేమ పదిహేడు శాతం దాటిందంటారు. ఆరబెడితే రంగు మారిందంటారు," అన్నాడు.

నష్టపరిహారానికి నియమాలు ఉన్నాయి. పంట 33 శాతానికి తగ్గకుండా పోవాలి. కేంద్రం 2022లో సవరించిన విపత్తు సహాయ లెక్కల్లో నీటి వసతి ఉన్న చేనుకు హెక్టారుకు 17,000, అంటే ఎకరానికి ఏడు వేలకు కాస్త లోపు. రాష్ట్రం దాని మీద కొంత కలపవచ్చు. డబ్బు మాత్రం ఈ-పంట అనే ప్రభుత్వ నమోదులో ఎవరి పేరు ఉంటే వాళ్ళ ఖాతాలో పడుతుంది. కౌలుదారు పేరు ఎక్కాలంటే 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఉండాలి. దానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పదకొండు నెలల కాగితం అది. భూమి మీద హక్కేదీ రాదని చట్టంలోనే ఉంది.

ఆ కాగితం బాబాయ్ రెండేళ్ళ కిందటే నాకు పంపాడు. నేను సంతకం పెట్టలేదు. "కౌలుదారు పేరు కాగితం మీద ఎక్కిందంటే పొలం మరిచిపోవలసిందే" అని బ్రూక్‌ఫీల్డ్‌లో అపార్టుమెంటు కింద నడిచేటప్పుడు ఒక స్నేహితుడు అన్నాడు. అతనికీ గుంటూరు జిల్లాలో మూడెకరాలు ఉన్నాయి, అతనూ సంతకం పెట్టలేదు. చట్టం చదవలేదు మేమిద్దరం. చదవడానికి పట్టేది ఐదు నిమిషాలు.

ఎకరానికి ముప్పై వేల పెట్టుబడి ఆయనది. ఎకరానికి పదిహేను బస్తాల మక్తా నాది. గాలి కొట్టింది ఆయన చేనును, పరిహారం వచ్చేది వైట్‌ఫీల్డ్ పక్కనున్న నా బ్యాంకు ఖాతాకు. ఈ సీజనుకు నమోదు గడువు దాటిపోయింది. ఇక చేయగలిగిందల్లా డబ్బు పడితే ఆయనకు పంపడం, మక్తా వదులుకోవడం. వచ్చే సార్వాకు గ్రామ సచివాలయంలో కాగితం పెడతానని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. "సరేలే, భోంచేద్దాం పద," అన్నాడు.

తిరిగి వచ్చిన రాత్రి మెస్సుకు వెళ్ళాను. ఆవిడ మొదట అడిగింది "స్తూపం దగ్గర గడ్డి చెక్కారా?" అని. చెక్కుతున్నారని చెప్పాను. ఆ బల్ల మీద తింటున్న పది మందిలో ఎంతమందికి ఊళ్ళో కౌలుకిచ్చిన పొలం ఉందని అడిగితే నలుగురు చెయ్యెత్తారు. కాగితం రాసిచ్చినవాళ్ళెవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

తుఫానులో మనిషిని బతికించడం ప్రభుత్వానికి నలభై ఎనిమిదేళ్ళలో బాగానే అలవడింది. బతికిన మనిషి చేతికి సాయం అందాలంటే ఆ పని ప్రభుత్వం ఒక్కదానితో అవదు, మధ్యలో మన సంతకం అడ్డుంది. మీరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్నా, కూకట్‌పల్లిలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా, మీ పొలం ఎవరు చేస్తున్నారో వాళ్ళకు ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆ కాగితం రాసివ్వండి. మళ్ళీ అక్టోబరు వస్తుంది, మళ్ళీ ఇక్కడ తుంపర పడుతుంది.