ఇంగ్లీషు ఎందుకు బాబూ?

హైదరాబాదు తార్నాకలో బస్సు దిగి ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) గేటు దాకా నడిచాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో సీఫెల్‌గా, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన చోటిది. పరాయి దేశాల వాళ్లూ ఇక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటారు. మనకు బస్సు బోర్డు మీదా సినిమా పేరులోనూ ఇంగ్లీషు కనిపిస్తూనే ఉంటుంది. అది చెవిన పడని ఊళ్ల నుంచి ఇంత దూరం వాళ్లు ఎందుకు వస్తున్నారో వినాలనిపించింది.

చెట్టు కింద టీ తాగుతూ ఆఫ్రికా నుంచి వచ్చిన వ్యవసాయ విద్యార్థి ఒకతను తన నోట్‌బుక్ చూపించాడు. ఎడమ పేజీలో కొత్త మాటలు. కుడి పేజీలో ఆ మాటలతో తన ఊరి గురించి రాసుకున్న వాక్యాలు. కరువు అనే అర్థమున్న మాట ఎదురుగా, తమ బావి రెండేళ్లు ఎండిపోయిన సంగతి ఉంది. విత్తనాల మీద పరిశోధనలు ఇంగ్లీషులోనే ఎక్కువ వస్తున్నాయనీ, అవి చదివి ఊరివాళ్లకు తమ భాషలో చెప్పాలనీ అన్నాడు.

పక్కనే కూర్చున్న మన కుర్రాడు ఇంటర్ దాకా తెలుగు మీడియం. "డిగ్రీలో నోరు తెరిస్తే నవ్వేవాళ్లు సార్. పాసైతే చాలనుకునేవాణ్ని" అన్నాడు. ఇప్పుడు వాళ్ల ఊరి మగ్గాల మీద ఇంగ్లీషులో వ్యాసం రాస్తున్నాడు. రోజుకో పేరా. తప్పులు దిద్దించుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు.

కెనడా పండితులు గార్డ్‌నర్, లాంబర్ట్ 1972 నాటి తమ పుస్తకంలో భాష నేర్చుకునే కోరికను రెండు తీరులుగా చెప్పారు: ఉద్యోగం లాంటి ప్రయోజనం ఒకటి, ఆ భాషవాళ్లకు దగ్గరవ్వాలన్న ఇష్టం రెండోది. 2005లో హంగరీకి చెందిన డోర్న్యెయ్, రేపు తాను ఎలా ఉండాలని విద్యార్థి కలగంటాడో ఆ రూపమే అతన్ని ముందుకు లాగుతుందన్నాడు. ఇతరులు ఆ విద్యార్థి నుంచి ఆశించే రూపాన్ని వేరుగా చెప్పాడు. ఆ తెలుగు మీడియం కుర్రాణ్ని మొదట నడిపించింది ఇతరులు ఆశించిన రూపం. ఇప్పుడు నడిపిస్తున్నది తాను కలగన్న రూపం.

ఇంగ్లీషు పట్టుబడాలంటే అమ్మభాషను వదులుకోనక్కర్లేదు. ఈ సంస్థకు తొలినాళ్లలో డైరెక్టరుగా ఉన్న వి.కె. గోకాక్ కన్నడ కవి. ఆ కన్నడ సాహిత్యానికే ఆయనకు జ్ఞానపీఠం వచ్చింది.

భయంతో నేర్చిన ఇంగ్లీషు పరీక్ష హాలు దాటి రాదు. సొంత పని కోసం నేర్చింది ఒంటబడుతుంది. అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: మొదటి రోజు వ్యాకరణం తెరవకముందు, "ఇంగ్లీషు వస్తే ఏం చేస్తావు బాబూ?" అని ప్రతి విద్యార్థినీ అడగండి. జవాబు తెలుగులో చెప్పినా వినండి. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.