జీరో బీరు మీద నా ఫైసలా

ఆల్కహాల్ లేని బీరు హలాలా, హరామా? ఈ సవాల్ ఇప్పుడు మన ఇళ్లల్లోకి కూడా వచ్చేసింది. పోయిన బక్రీద్‌కు బెంగళూరు నుంచి కుందుర్పి వచ్చిన మా భాంజా బడ్‌వైజర్ జీరో డబ్బాలు రెండు తెచ్చాడు. "నషా లేదు మామూ, రుచి చూసి చెప్పు" అన్నాడు.

బడ్‌వైజర్ 1876లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. బార్లీతో పాటు బియ్యం కూడా వేస్తారు, అందుకే తేలిగ్గా ఉంటుంది. అక్కడ అది కూలీనాలీ కూడా కొనుక్కునే మామూలు బీరు. మన దేశానికి వచ్చేసరికి దానికి షాన్ వచ్చింది. ఆల్కహాల్ లేని రకం ఆ తర్వాత ఇక్కడికి వచ్చింది.

గ్లాసులో పోస్తే నురగ లేచి అంతలోనే అణిగింది. మొదటి గుక్కలో సోడా చురుకు, ఆ వెనక నానిన గింజల వాసన, చివర్లో కొంచెం చేదు. చెడ్డగా లేదు. కానీ జుబాన్ రెండో గుక్క అడగలేదు. వానలకు ముఖం వాచిన మా ఊళ్లో, ఎండన పడి వచ్చినవాడికి అమ్మీ ఇచ్చే రాగి అంబలి, మజ్జిగ, ఉల్లిగడ్డ ముందు ఇది ఫీకానే.

ఆ అంబలి కూడా రాత్రంతా పులిసిందే కదా! రసూలుల్లాహ్ (స) కోసం ఎండుద్రాక్ష నీళ్లలో నానబెట్టి నబీజ్ చేసేవారనీ, మూడు రోజులు దాటితే ఆయన తాగేవారు కాదనీ హదీసుల్లో ఉంది. నషా ఉందా లేదా అన్నదే అసలు లెక్క. అందుకే కొందరు ఉలమా ఇలాంటివి జాయజ్ అంటారు. బీరు వేషంలో ఉన్నదాని జోలికే పోవద్దని ఇంకొందరు అంటారు.

నా ఫికర్ వేరే. వాడు డబ్బా పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టాడు. 'జీరో' అన్న అక్షరాలు వేళ్ల కింద పడ్డాయి. ఇంట్లో వాడి చెల్లెలికి రిష్తాలు చూస్తున్నాం. చూసేవాళ్లు లేబుల్ చదువుతారా? "సాయిబుల పిల్లోడు తాగుతాడంట" అంటే ఇజ్జత్ పోయేది ఆ పిల్లది.

"నషా లేనిది ఎందుకు కొంటావురా?" అని అడిగాను.

"ఆఫీసు పార్టీలో చెయ్యి ఖాళీగా ఉంటే తాగమని వెంటపడతారు మామూ. ఇది పట్టుకుంటే ఎవరూ అడగరు."

ఆ మాటకు నా కోపం దిగిపోయింది. అక్కడ అది వాడికి ఢాలు. పట్టుకోనీ, నేను తప్పు పట్టను. కుందుర్పిలో మాత్రం ఆ అవసరం లేదు, ఇక్కడ ఖాళీ చేతిని ఎవరూ అడగరు.

రుచికైతే పదికి నాలుగు మార్కులు. స్టేటస్ ఆ రాత్రే తీసేయించాను.