ప్రచారం ఎవరి చేతికివ్వాలి?

మార్కెటింగ్‌కి సొంత మనుషుల్ని పెట్టుకోవాలా, బయటి ఏజెన్సీకి ఇవ్వాలా అని ఎవరు అడిగినా నాకు అమూల్ గుర్తొస్తుంది. అమూల్ ప్రకటనల్లో కనిపించే చుక్కల గౌను పాప 1966లో పుట్టింది అమూల్ ఆఫీసులో కాదు, బొంబాయిలోని ఒక ఏజెన్సీలో. ఆలోచన చేసిన సిల్వెస్టర్ డాకున్హా, బొమ్మ గీసిన యూస్టేస్ ఫెర్నాండెజ్ ఇద్దరూ బయటివాళ్లే. ప్రతి హోర్డింగుకీ తన అనుమతి అక్కర్లేదని, అమూల్‌ని నడిపిస్తున్న కురియన్ వాళ్లకి స్వేచ్ఛ ఇచ్చేశారు. అందుకే ఊరంతా మాట్లాడుకుంటున్న సంగతి, వేడి చల్లారకముందే ఆ పాప నోట వినిపించేది. డాకున్హా తర్వాత ఆయన కొడుకు రాహుల్ కూడా అదే పని కొనసాగించారు.

మన వ్యాపారులేమో మూడు నెలలకే ఏజెన్సీని మార్చేస్తారు. ఉన్న ఆ మూడు నెలలూ ప్రతి పోస్టునీ ఓనరు, ఆయన బావమరిది, అకౌంటెంటు తలో చెయ్యి వేసి దిద్దుతారు. అలాగైతే బయటివాళ్లకి ఇచ్చి ఏం లాభం?

చిన్న వ్యాపారానికి మాత్రం నా మాట వేరు. పచ్చళ్ల కంపెనీ అనుకోండి. ఈసారి గోంగూరలో ఉప్పెక్కువైందని కస్టమర్ ఫోన్ చేస్తే ఎత్తే మనిషే పోస్టులూ రాయాలి. ఆ ఒక్కరినీ జీతానికి పెట్టుకోండి. వీడియోలు తీయడం, యాడ్స్ నడపడం బయటికివ్వండి, తప్పులేదు. కానీ పేజీ, యాడ్ అకౌంటు, వెబ్‌సైట్ డొమైను మీ పేరు మీదే ఉండాలి. ఏజెన్సీకి యాక్సెస్ ఇస్తే చాలు. లేకపోతే ఒప్పందం తెగిన రోజు ఏళ్ల తరబడి పోగైన ఫాలోవర్లు, డేటా వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఇవాళే సెట్టింగ్స్ తెరిచి ఓనర్‌గా ఎవరి పేరుందో చూసుకోండి.